టెనెసీ ఆనియన్స్: చీజ్‌తో ఓవెన్‌లో చేసే ఉల్లి చక్రాలు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంతకీ ఏమిటీ వంటకం?

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పాట్‌లక్ (తలా ఒక వంటకం తెచ్చుకునే) భోజనాలకీ, బయట గ్రిల్ పెట్టిన రోజున మాంసం పక్కన వడ్డించడానికీ చేసుకునే సైడ్ డిష్. ఉల్లిపాయల్ని చక్రాలుగా తరిగి వెడల్పాటి బేకింగ్ డిష్‌లో పరుస్తారు. వెన్న ముక్కలు అక్కడక్కడా పెట్టి, మసాలా చల్లి, పైన రెండు మూడు రకాల చీజ్ తురుము కప్పి ఓవెన్‌లోకి తోస్తారు. మైదా లేదు, గుడ్డు లేదు, మీగడ లేదు. పొయ్యి దగ్గర నిలబడి కలిపే పని అసలే లేదు.

ఫొటోలు చూసి ఇది చీజ్ వంటకం అనుకుంటారు చాలామంది. నా లెక్కలో ఇది ఉల్లి వంటకం. ఉల్లి మెత్తబడి, ఘాటు పోయి, తీపి పైకి తేలితేనే రుచి. కింద చక్రం పచ్చిగా కరకరలాడితే పైన ఎంత ఖరీదైన చీజ్ వేసినా దండగ. అందుకే కింది జవాబుల్లో సగం ఉల్లి గురించీ, దానిలోని నీళ్ల గురించే ఉంటాయి.

టెనెసీలో పండే ఉల్లిపాయలే కావాలా?

అక్కర్లేదు. అది వంటకం పేరు, ఉల్లి రకం కాదు. అక్కడివాళ్లు దీనికి ఎక్కువగా వాడే విడాలియా ఉల్లి పక్క రాష్ట్రం జార్జియాది. 1930ల మొదట్లో టూంబ్స్ కౌంటీలో మోజ్ కోల్‌మన్ అనే రైతు పండించిన ఉల్లి ఘాటు లేకుండా తియ్యగా ఉండటంతో దానికి పేరొచ్చింది. అక్కడి ఇసుక నేలలో గంధకం తక్కువ. ఉల్లికి ఘాటిచ్చేది గంధకం ఉన్న పదార్థాలే కాబట్టి నేలలో అది తక్కువైతే గడ్డలోనూ ఘాటు తగ్గుతుంది. 1986లో జార్జియా ప్రభుత్వం చట్టం చేసి, నిర్ణీత కౌంటీల్లో పండినదానికే విడాలియా అన్న పేరు వాడాలని కట్టడి పెట్టింది. 1990లో దాన్ని రాష్ట్ర కూరగాయగా కూడా ప్రకటించింది. మన బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు ఉన్నట్టే అనుకోండి.

అమెరికాలో ఉన్నాం. ఏ ఉల్లి కొనాలి?

ఏప్రిల్ చివరి నుంచి వేసవి అంతా విడాలియా దొరుకుతుంది. వాషింగ్టన్ రాష్ట్రం వైపు ఉంటే జూన్ మధ్య నుంచి వల్లా వల్లా ఉల్లి వస్తుంది. టెక్సస్‌లో వసంతకాలంలో 1015 అనే రకం చూస్తారు. అక్టోబర్ 15న, అమెరికా లెక్కలో 10/15న, నాటు వేయాలి కాబట్టి దానికా పేరు. నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండగ నాటికి దుకాణాల్లో ‘స్వీట్ ఆనియన్’ అని ఉండేది చాలావరకు పెరూ నుంచి వచ్చిన సరుకు. అదీ బాగానే ఉంటుంది. ఇవేవీ దొరక్కపోతే మామూలు పసుపు ఉల్లి తీసుకోండి. కానీ దానికి ఓవెన్‌లో ఎక్కువ సేపు పడుతుంది.

గడ్డ బల్లపరుపుగా, పెద్దదిగా, మెడ దగ్గర గట్టిగా ఉన్నది ఎంచుకోండి. స్వీట్ ఆనియన్‌లో నీరు ఎక్కువ, పొర పల్చన. అందుకే తొందరగా కుళ్లుతుంది. బస్తా కొని గరాజ్‌లో పడేసే సరుకు కాదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నాం. మన ఎర్ర ఉల్లితో అవుతుందా?

అవుతుంది, బాగా అవుతుంది. కాకపోతే అమెరికన్ రెసిపీని ఉన్నదున్నట్టు చేస్తే దెబ్బతింటారు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. స్వీట్ ఆనియన్‌లో చక్కెర ఎక్కువ ఉంటుందని అందరూ అనుకుంటారు. నిజానికి ఘాటైన నిల్వ ఉల్లిలో చక్కెరలు దానితో సమానంగానో, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగానో ఉంటాయి. ఘాటు కమ్మేయడం వల్ల ఆ తీపి నాలుకకు తెలియదు. వేడికి ఘాటు తగ్గితే బయటపడుతుంది. అంటే మన ఉల్లి పనికిరానిది కాదు, దానికి టైం ఇవ్వాలి అంతే. ఫాయిల్ మూసి ముందు ఉల్లిని ఒక్కదాన్నే 25 నిమిషాలు ఉడకనిచ్చి, తర్వాత చీజ్ వేయండి.

మహారాష్ట్ర నుంచి వచ్చే రబీ ఉల్లి గట్టిగా, పొడిగా ఉంటుంది. దీనికి అదే మంచిది. కర్నూలు వైపు ఖరీఫ్‌లో వచ్చే కొత్త ఉల్లిలో తేమ ఎక్కువ, నిల్వ ఆగదు, డిష్‌లో నీళ్లు బాగా వదులుతుంది. అదే ఇంట్లో ఉంటే తరిగిన చక్రాలకు కొంచెం ఉప్పు రాసి అరగంట జల్లెడలో ఉంచి, గుడ్డతో అద్ది వాడండి. ఆ తర్వాత మళ్లీ ఉప్పు వేయకండి. సాంబారు ఉల్లి మాత్రం దీనికి వద్దు. ఒలవడానికే పూట గడిచిపోతుంది.

కొలతలు చెప్పండి.

ఆరుగురికి సరిపోయేలా: పెద్ద ఉల్లిపాయలు మూడు, మన సైజు అయితే ఆరేడు, అంటే ఒక కిలో. వెన్న 4 టేబుల్ స్పూన్లు, దాదాపు 56 గ్రాములు. చెడ్డర్ తురుము ఒక కప్పు, మోజరెల్లా ఒక కప్పు, పార్మెజాన్ అర కప్పు. కప్పు చీజ్ తురుము 110 గ్రాముల చిల్లర తూగుతుంది. వెల్లుల్లి పొడి అర టీ స్పూను, ఒరెగానో అర టీ స్పూను, మిరియాల పొడి పావు టీ స్పూను, పాప్రికా (ఘాటు తక్కువున్న ఎర్ర మిరప పొడి) గానీ కేజన్ మసాలా (అమెరికా దక్షిణాది మిరప మసాలా పొడి) గానీ అర టీ స్పూను.

ఉప్పు దగ్గర చెయ్యి బిగపట్టండి. చీజ్‌లో ఉప్పుంది, సాల్టెడ్ బటర్ అయితే దానిలో ఉంది, కేజన్ మసాలాలో ఉంది. వెల్లుల్లి పొడి బదులు గార్లిక్ సాల్ట్ వేస్తే దానిలోనూ ఉంది. నాలుగు వైపుల నుంచీ వచ్చిన ఉప్పు మీద మళ్లీ చెంచాడు వేస్తే ఎవరూ తినలేరు.

చేసే పద్ధతి?

ఓవెన్‌ను 175 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే అమెరికా లెక్కలో 350 ఫారన్‌హీట్‌కు, ముందుగా వేడి చేయండి. ఉల్లిని అడ్డంగా పావు అంగుళం మందాన చక్రాలుగా కోయండి. అంతకన్నా పల్చనైతే ముద్దవుతుంది, మందమైతే నడుమ పచ్చిగా మిగులుతుంది. చక్రాల్ని రేకులుగా విడదీయక్కర్లేదు. 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు ఉన్న డిష్‌కు వెన్న రాసి, చక్రాల్ని కొంచెం ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పరచండి. మసాలాలు కలిపి సమంగా చల్లండి. మిగిలిన వెన్నను చిన్న ముక్కలు చేసి పైన అక్కడక్కడా పెట్టండి.

స్వీట్ ఆనియన్ అయితే చీజ్ మొత్తం ఇప్పుడే కప్పి, మూత లేకుండా 30 నుంచి 35 నిమిషాలు ఉంచేవాళ్లే ఎక్కువ. నాకు అంతకన్నా నచ్చిన దారి ఒకటుంది. ఉల్లిని చీజ్ లేకుండా 15, 20 నిమిషాలు మగ్గనిచ్చి, డిష్ బయటికి తీసి, చేరిన నీరు ఎక్కువైతే ఒక పక్కకు వంచి చెంచాతో తోడేసి, అప్పుడు చీజ్ వేసి మరో 20 నిమిషాలు. దీనివల్ల చీజ్ మాడదు, ఉల్లి ఉడుకుతుంది. తోడిన నీరు పారబోయకండి. వెన్నా ఉల్లీ కలిసిన ఆ రసం సాయంత్రం సూప్‌లోకో పప్పులోకో పోతుంది.

పైన బుడగలొచ్చి, అంచులు గోధుమరంగుకు తిరిగాక తీసి, పది నిమిషాలు ఆగి వడ్డించండి. ఆ పది నిమిషాల్లోనే చీజ్ కాస్త గట్టిపడి, చెంచాకు చక్కగా వస్తుంది.

అడుగున నీళ్లు చేరాయి. ఎందుకు?

ఉల్లిలో పదింట తొమ్మిది వంతులు నీరే. కిలో ఉల్లి పెట్టారంటే తొమ్మిది వందల గ్రాముల దాకా నీరు ఓవెన్‌లో పెట్టినట్టే. ఆ నీరు ఆవిరయ్యే దారి ఉండాలి. లోతైన గిన్నెలో నాలుగు వరసలు పేరిస్తే ఆవిరి పోక, ఉల్లి తన నీళ్లలోనే ఉడుకుతుంది. చీజ్ మొదటే కప్పినా అంతే, అది కరిగి మూతలా పనిచేస్తుంది. వెడల్పు డిష్, రెండు వరసలకు మించని ఉల్లి, చీజ్ ఆలస్యంగా వేయడం. ఈ మూడూ పాటిస్తే అడుగున మిగిలేది పల్చటి వెన్న రసమే. అది ఉండాలి కూడా, బ్రెడ్డు అద్దుకోవడానికి.

పది మందికి చేయాలంటే డిష్ లోతు పెంచకండి, రెండు డిష్‌లు పెట్టండి.

పైన నూనె తేలింది?

పాత చెడ్డర్ వల్ల. ఏడాది పైగా మాగబెట్టిన చెడ్డర్ రుచిగా ఉంటుంది కానీ గట్టి వేడి తగిలితే కొవ్వు విడిపోతుంది. తక్కువ మాగిన చెడ్డర్ తీసుకోండి, సగానికి సగం మోజరెల్లా కలపండి, చివరి 20 నిమిషాలకే వేయండి. తేలిన నూనెను కిచెన్ టిష్యూతో అద్దేయొచ్చు.

తురిమి ప్యాకెట్లలో అమ్మే చీజ్‌లో ముక్కలు అంటుకోకుండా బంగాళాదుంప పిండి, సెల్యులోజ్ వంటివి కలుపుతారు. కరుగుతుంది గానీ అంత నున్నగా కరగదు. బ్లాకు కొని ఇంట్లో తురుముకుంటే తేడా నోటికి తెలుస్తుంది.

మూడు రకాల చీజ్ తప్పనిసరా?

తప్పనిసరి కాదు. ఎవరి పని వాళ్లది: మోజరెల్లాకు సాగే గుణం, చెడ్డర్‌కు రుచి, పార్మెజాన్‌కు ఉప్పదనం, పైన వచ్చే ఎర్రటి పెచ్చు. ఒకటే కొనాలంటే చెడ్డర్ కొనండి. ఉత్త మోజరెల్లాతో చేస్తే ఫొటోకు బాగుంటుంది, నోటికి చప్పగా ఉంటుంది. గౌడా, గ్రూయేర్ దొరికితే ఇంకా మంచిది. పారిస్‌లో ఉల్లి సూప్ మీద కరిగించేది గ్రూయేర్ లాంటి చీజే. ఉల్లికీ దానికీ పొత్తు ఈ వంటకం కన్నా పాతది.

పనీర్ వేయొచ్చా? అమూల్ క్యూబ్స్?

పనీర్ కరగదు. పాలను నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో విరిచినప్పుడు ప్రొటీన్లను కలిపి ఉంచే కాల్షియం చాలావరకు నీళ్లతో పోతుంది. ఆ తర్వాత ఎంత వేడి చేసినా ముక్క ముక్కగానే ఉంటుంది. పనీర్ తురిమి వేస్తే అది వేరే కూర, బాగుండదని కాదు.

ప్రాసెస్డ్ చీజ్ క్యూబులు మెత్తబడతాయి, తీగలా సాగవు. క్యూబులు రెండు మూడు తురిమి, మిగతాది పిజ్జాకు అమ్మే మోజరెల్లా వేస్తే ఖర్చు తగ్గుతుంది, రుచీ సరిపోతుంది. చీజ్ స్ప్రెడ్ మాత్రం వద్దు.

ఇది శాకాహారమేనా?

ఉల్లి, వెన్న వరకు సందేహం లేదు. చూడాల్సింది చీజ్‌లోని రెన్నెట్. పాలను పేరబెట్టే ఈ ఎంజైము సంప్రదాయంగా దూడ కడుపు నుంచి తీసేది. ఇటలీలో తయారయ్యే అసలు పార్మిజానో రెజానోకు నేటికీ దూడ రెన్నెట్టే వాడాలన్నది నియమం. కాబట్టి దాన్ని ఖచ్చితమైన శాకాహారులు వేసుకోరు. ఇండియాలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు ఉందో లేదో చూస్తే చాలు. అమెరికాలో ఆ గుర్తు ఉండదు. వెనక ఉన్న పదార్థాల జాబితాలో మైక్రోబియల్ రెన్నెట్ అనో, వెజిటేరియన్ రెన్నెట్ అనో ఉన్నది వెతుక్కోవాలి. ఉత్త ఎంజైమ్స్ అని మాత్రమే రాస్తే ఏ రకమో తెలియదు. ఇంటికి అత్తయ్యగారో అమ్మమ్మగారో వచ్చినప్పుడు, వాళ్లు అడక్కముందే చూసి పెట్టుకోవడం మర్యాద.

కార్తీకమాసంలో థాంక్స్‌గివింగ్ వస్తే?

నవంబర్ నాలుగో గురువారం ఆ పండగ. అధిక మాసం వచ్చిన ఏడాది కార్తీకం ఆలస్యంగా మొదలై, సరిగ్గా అప్పుడే నడుస్తూ ఉంటుంది. 2023లో అలాగే పడింది, 2026లోనూ అంతే. ఉల్లి, వెల్లుల్లి మానేసిన ఇళ్లకు ఈ వంటకంలో మార్పులు చేసి ఇవ్వడానికి ఏమీ మిగలదు. అదే డిష్‌లో ఆలుగడ్డల చక్రాలు, లేదంటే క్యాబేజీ పెద్ద ముక్కలు, వెన్న, మిరియాలు, చీజ్‌తో వేరే చేయండి. ఆలుగడ్డలకు ఫాయిల్ కింద 40 నిమిషాలైనా కావాలి. గరిటె, కత్తి కూడా వేరేవి పెట్టండి. నియమం పాటించేవాళ్లు నోరు తెరిచి అడగరు, చూసి ఊరుకుంటారు.

ఓవెన్ లేదు. ఎలా?

ఓటీజీ (గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) అయితే మామూలు ఓవెన్ లాగే, 180 డిగ్రీలు, చిన్న డిష్. కింద పైన రెండు రాడ్లూ వెలగాలి. మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ ఉంటే 180కి పెట్టి చేయొచ్చు. ఉత్త మైక్రోవేవ్‌లో ఉల్లి ఉడుకుతుంది, చీజ్ కరుగుతుంది, పైన రంగు రాదు. ఎయిర్ ఫ్రయర్‌లో 160 డిగ్రీల దగ్గర రెండు మూడు చక్రాలకు బాగా పనిచేస్తుంది. తురుము గాలికి ఎగరకుండా చేత్తో అదిమి పెట్టండి.

ఇవేవీ లేకపోతే మందపాటి ఇనప పెనం. వెన్నలో చక్రాల్ని సన్న సెగ మీద, మూత పెట్టి, ఒక్కసారే తిప్పి, 20 నిమిషాలు మగ్గించండి. మూత తీసి తడి పోయాక చీజ్ వేసి, మళ్లీ మూత వేసి మూడు నిమిషాలు. పైన పెచ్చు రాదు కానీ అడుగున ఉల్లి ఎర్రగా కాలుతుంది. నన్నడిగితే ఆ కాలిన రుచి ఓవెన్‌లో వచ్చేదానికి ఏమాత్రం తీసిపోదు.

గాజు డిష్ పగిలిపోతుందని భయం.

భయం సబబే. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు డిష్‌ను నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టొద్దు, వేడి డిష్‌ను తడి గట్టు మీద దించొద్దు. పైన రంగు కోసం బ్రాయిల్ (పై నుంచి మాత్రమే తగిలే గట్టి సెగ) వేయాలనుకుంటే గాజు వద్దు. ఇనప స్కిల్లెట్ గానీ, స్టీలు ట్రే గానీ వాడండి. రెండు నిమిషాల పని అది, ఓవెన్ ముందు నుంచి కదలకండి.

కళ్లు మండకుండా కిలో ఉల్లి తరగడం ఎలా?

అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, పదునైన కత్తితో కోయండి, వేరు భాగం ఆఖరికి వదిలేయండి. కణాలు చితికినప్పుడు ఎంజైములు పనిచేసి కళ్లు మండించే వాయువు పుడుతుంది. చల్లదనం దాన్ని నెమ్మదింపజేస్తుంది, పదునైన కత్తి తక్కువ కణాల్ని చితుకుతుంది. ఆ కన్నీళ్ల వెనక ప్రత్యేకంగా ఒక ఎంజైము ఉందని జపాన్ శాస్త్రవేత్తలు 2002లో కనిపెట్టారు. 2013లో ఇగ్‌నోబెల్ బహుమతి వచ్చింది వాళ్లకు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. మన ఇళ్లలో కన్నీళ్లు కార్చినవాళ్లకే ఏ బహుమతీ లేదు.

మ్యాండొలిన్ (బ్లేడు బిగించిన తరుగు పలక) వాడితే చక్రాలన్నీ ఒకే మందాన వస్తాయి. చేతికి గార్డు లేకుండా మాత్రం వాడొద్దు.

ముందురోజు తరిగి పెట్టుకోవచ్చా? కోసిన ఉల్లి విషమని వాట్సాప్‌లో వచ్చింది.

నమ్మకండి. ఉల్లి గాల్లోని క్రిముల్ని లాక్కుంటుందన్నది ఉత్త ప్రచారం. ఏ తరిగిన కూరగాయకైనా ఉన్న జాగ్రత్తే దీనికీ: శుభ్రమైన కత్తి, బిగుతు మూత డబ్బా, ఫ్రిజ్. మూత వదులైతే వచ్చే అసలు నష్టం వేరే, తెల్లారి పాలూ పెరుగూ ఉల్లి వాసన కొడతాయి. చీజ్ కూడా ముందే తురిమి వేరే డబ్బాలో ఉంచండి. అంతా పేర్చి ఉంచడం మాత్రం వద్దు, రాత్రంతా ఉల్లి నీరు వదులుతుంది.

దేనితో తినాలి?

అక్కడివాళ్లు స్టేక్, గ్రిల్ చేసిన చికెన్, బార్బెక్యూ పక్కన పెట్టుకుంటారు. మనకు తందూరి చికెన్, మిరియాల చికెన్ వేపుడు, కాల్చిన చేపతో బాగా కుదురుతుంది. శాకాహారులైతే పుల్కా, కాల్చిన బ్రెడ్డు, లేదంటే రాజ్మాతో. అన్నం పప్పులో నంజుకోవచ్చా అని అడుగుతారు, వద్దు. వెన్నా చీజూ పప్పులో కలిస్తే రెండూ పాడవుతాయి.

మనవాళ్లకు చప్పగా ఉందంటున్నారు.

కారప్పొడి చల్లే ముందు మిరియాలు పెంచి చూడండి. రెండు పచ్చిమిరపకాయలు చీలికలు చేసి ఉల్లి మధ్య పెట్టినా బాగుంటుంది. థైమ్, ఒరెగానో లేనప్పుడు చిటికెడు వాము అరచేతిలో నలిపి వేయండి. థైమ్‌కూ వాముకూ ఆ వాసనిచ్చేది థైమాల్ అన్న ఒకే పదార్థం. చిటికెడే సుమా, ఎక్కువైతే కషాయం తాగినట్టుంటుంది. గరం మసాలా, ధనియాల పొడి మాత్రం చీజ్‌తో నప్పవు.

మిగిలితే?

రెండు గంటలకు మించి బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఆగుతుంది. ఫ్రీజర్ వద్దు, కరిగాక ఉల్లి పీచులా, నీళ్లగా అయిపోతుంది. వేడి చేయడానికి ఓవెన్ గానీ పెనం గానీ మేలు. మైక్రోవేవ్‌లో చీజ్ రబ్బరులా సాగుతుంది. మర్నాడు పొద్దున దోసె పెనం మీద ఉండగానే రెండు చెంచాలు పరిచి మడిస్తే పిల్లలు చట్నీ అడగరు.